బకెట్ తిరిగినంత మేర

తెలుగు పల్లెల్లో చెరువు పూడిక తీయాలన్నా, ఇంటికి పునాది తవ్వాలన్నా, వీధిలో పైపులైను వేయాలన్నా ఇప్పుడు పలుగూ పారా పట్టిన కూలీల జట్టు కంటే ముందుగా వచ్చేది యంత్రమే. టైర్ల మీద నడుస్తూ ముందు వెడల్పాటి బకెట్, వెనుక చిన్న బకెట్ ఉండే బండిని తయారు చేసిన కంపెనీ ఏదైనా సరే జనం జేసీబీ అనే అంటారు. ఇనుప చైన్ల మీద నిలిచి నడుము నుంచి పైభాగమంతా గుండ్రంగా తిరిగే పెద్ద బండి వారికి ప్రొక్లెయిన్. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరిట మొదలైన చెరువుల పూడికతీత ఈ బండ్లను మారుమూల ఊళ్ల దాకా తీసుకువెళ్లింది. 2024 సెప్టెంబరులో ఖమ్మం వద్ద మున్నేరు వరదలో ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకున్న 9 మందిని ఒక జేసీబీ ఆపరేటరు క్షేమంగా తీసుకువచ్చిన సంఘటన ఈ యంత్రాన్ని నమ్ముకోవచ్చన్న భావనను మరింత పెంచింది. అయితే ఈ నమ్మకం తరచుగా యంత్రానికి అతి చేరువలో నిలబడే అలవాటుగా మారుతోంది. ఇక్కడ జరిగే ప్రమాదాలకు మూలం ఇంజనులో కన్నా బండి నిలిచిన నేలలోను, పైనున్న కరెంటు తీగలోను, పక్కన నిలబడిన మనిషిలోను, పని ఒప్పుకున్న పద్ధతిలోను ఎక్కువగా కనిపిస్తుంది.

యంత్రం నిర్మాణం తెలిస్తే ఈ మాట ఎందుకు అనవలసి వచ్చిందో అర్థమవుతుంది. ప్రొక్లెయిన్ పైభాగంలో ఆపరేటరు క్యాబిన్ ఎడమ వైపున ఉంటుంది. దానికి కుడి పక్కనే బూమ్ అనే పెద్ద ఇనుప చేయి, దాని చివర ఆర్మ్ అనే రెండో చేయి, ఆ చివర పళ్లున్న బకెట్ అమరి ఉంటాయి. వీటి బరువుకు ప్రతిగా వెనుక భాగంలో కౌంటర్‌వెయిట్ అనే భారీ ఇనుప దిమ్మె ఉంటుంది. పొలాల్లోను, రోడ్డు పనుల్లోను ఎక్కువగా కనిపించే రకం బండి బరువు దాదాపు 20 టన్నులు. క్యాబిన్ ఎడమకు ఉండటం వల్ల బూమ్‌కు ఆవలి వైపు, అంటే బండి కుడి పక్కన నేల, ఆపరేటరుకు సరిగా కనిపించదు. వెనుక భాగమైతే అద్దాలో కెమెరాయో లేనిదే దాదాపు కనిపించదనే చెప్పాలి. బండి పక్కకు తిరిగినప్పుడు వెనుకనున్న ఇనుప దిమ్మె చైన్ల అంచు దాటి మీటరుకు పైగా బయటికి వస్తుంది. ప్రహరీ గోడకో, ఆగి ఉన్న టిప్పరుకో దగ్గరగా బండి నిలిపి తవ్వుతున్నప్పుడు ఆ సందులో నుంచి దాటబోయిన మనిషి దిమ్మెకూ గోడకూ మధ్య నలిగిపోవడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన ప్రమాదం. అది జరిగేటప్పుడు ఆపరేటరు చూపు ముందున్న బకెట్ మీద ఉంటుంది గనుక, పక్కవాళ్లు అరిచేదాకా అతనికి ఏమీ తెలియదు.

అందువల్లనే బకెట్ చాచినంత మేర, దిమ్మె తిరిగినంత మేర చుట్టూ తాడో టేపో కట్టి లోపలికి ఎవరినీ రానివ్వకూడదన్నది మొదటి నియమం. మట్టి సరిచేయడానికో, లోతు కొలవడానికో హెల్పరు లోపలికి రావలసి వస్తే, ముందు ఆపరేటరు కళ్లలోకి చూసి చేయెత్తాలి. ఆపరేటరు బకెట్ నేలకు దించి, చేతులు లివర్ల మీద నుంచి తీసి, రమ్మని సైగ చేసిన తరువాతే అడుగు వేయాలి. సైగలు చేసే మనిషి ఒక్కడే ఉండాలి. ఇంటి యజమాని, మేస్త్రీ, పక్కింటివాళ్లు తలా ఒక దిక్కు చూపిస్తే ఆపరేటరు ఎవరి మాటా వినలేడు. మన ఊళ్లలో జేసీబీ పని చూడటానికి పిల్లలు గుమిగూడటం, పెద్దలు వాళ్లను వారించకపోవడం మామూలే. ఊరేగింపుల్లో నాయకుల మీద పూలు చల్లడానికి మనుషులను బకెట్లో నిలబెట్టి పైకి లేపే వేడుక కూడా వచ్చింది. బకెట్ మట్టి ఎత్తడానికి చేసిన సాధనం. అందులో పట్టుకోవడానికి కమ్మీ లేదు, హైడ్రాలిక్ పైపు పగిలితే ఆపే ఏర్పాటు ఉంటుందన్న హామీ లేదు.

ఆపరేటరు చేతిలో రెండు లివర్లు ఉంటాయి. సాధారణంగా ఎడమ లివరు బండి తిరగడాన్ని, ఆర్మ్‌ను నడిపితే, కుడి లివరు బూమ్‌ను, బకెట్‌ను నడుపుతుంది. మరో అమరికలో బూమ్, ఆర్మ్ పనులు తారుమారవుతాయి. ఒక పద్ధతికి అలవాటుపడిన చేయి ఇంకో బండి ఎక్కితే మొదటి గంటలో ఆర్మ్ లాగబోయి బూమ్ దించే అవకాశం ఉంది కాబట్టి, కొత్త బండి ఎక్కిన ఆపరేటరు ఖాళీ స్థలంలో కాసేపు కదిలించి చూసుకోవడం తప్పనిసరి. బండిని ముందుకూ వెనక్కూ నడిపే లివర్లు వేరే ఉంటాయి, వాటి విషయంలో మరో చిక్కు ఉంది: పైభాగం వెనక్కి తిరిగి ఉన్నప్పుడు లివరు ముందుకు తోస్తే బండి ఆపరేటరు వెనుక దిక్కుకు నడుస్తుంది. చైన్లను తిప్పే పళ్ల చక్రం మామూలుగా వెనుక వైపు ఉంటుంది. బండి కదిలించే ముందు ఆ చక్రం ఎటు ఉందో చూసుకునే అలవాటు అనుభవజ్ఞులను ఇట్టే పట్టిస్తుంది. సీటు ఎడమ పక్కన ఎర్రటి లాక్ లివరు ఒకటి ఉంటుంది. దాన్ని లేపితే తక్కిన లివర్లు పనిచేయవు. టీ కోసం దిగేటప్పుడు దాన్ని వేయకపోతే దిగే మనిషి మోచేయి తగిలి బూమ్ కదలవచ్చు. క్యాబిన్ దిగడమంటే బకెట్ నేలను తాకడం, లాక్ పడటం, ఇంజను ఆగడం, తాళంచెవి జేబులోకి చేరడం, ఇవన్నీ పూర్తికావడమే.

ఇక నేల సంగతి. తవ్విన గుంత పక్క గోడ ఎంతసేపు నిలుస్తుందో కంటితో చూసి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. తెలుగు నేలలో ఈ సమస్య పలు రూపాల్లో ఎదురవుతుంది. నల్లరేగడిలో నీరు తగిలితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమన్ను ఉంటుంది. వేసవిలో నిలువునా పగుళ్లు పడిన ఆ నేలను కోసినప్పుడు గోడ గట్టిగానే కనిపిస్తుంది గాని, పగులు వెనుక నీరు చేరితే పలక పలకగా విడివడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కొద్ది లోతులోనే ఊటనీరు తగిలి ఇసుక జారుతుంది. అన్నిటికన్నా నమ్మరానిది నగర వీధుల్లోని పూడ్చిన మట్టి: పాత మురుగు పైపు కోసం ఒకసారి తవ్వి పూడ్చిన చోట పక్కనే మళ్లీ కందకం తీస్తే, ఆ మట్టికి సహజమైన బిగువు ఉండదు, పక్కన టిప్పరు పోయినప్పుడల్లా కలిగే అదురు దాన్ని మరింత వదులు చేస్తుంది. ఘనమీటరు మట్టి బరువు టన్నున్నర నుంచి రెండు టన్నుల దాకా ఉంటుంది. ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయిన మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా ఆ ఖాళీలోకి మట్టి బిగుసుకుంటుంది. తల బయటే ఉన్నా అతను మళ్లీ ఊపిరి తీసుకోలేకపోవడానికి కారణమదే.

మట్టిలో 1.5 మీటర్లకు మించి లోతైన కందకానికి ఆనుడు పెట్టాలని లేదా పక్కలను ఏటవాలుగా కోయాలని తవ్వకం పనుల భద్రతపై భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 నిర్దేశిస్తుంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లోనూ హద్దు 5 అడుగులే, అంటే దాదాపు అంతే. ఆ నిబంధనలు అతి బలహీనమైన నేలకు ఒక మీటరు లోతుకు పక్కకు మీటరున్నర చొప్పున వాలు ఉండాలంటాయి. ఆ లెక్కన 2 మీటర్ల లోతు, అడుగున మీటరు వెడల్పు గల కందకానికి పైన 7 మీటర్ల వెడల్పు కావాలి. మన వీధుల్లో అంత చోటు ఎక్కడిది? అందుకే ఇరుకు వీధిలో వాలుకు బదులు రెండు పక్కలా పలకలు నిలిపి మధ్యలో దూలాలు బిగించే షోరింగ్ అనే ఆనుడు తప్పదు. తీసిన మట్టిని కందకం ఒడ్డునే కుప్పపోయడం మరో పెద్ద తప్పు. ఆ కుప్ప బరువు గోడ మీద పడుతుంది, పై మట్టి పెళ్లలు లోపలివాళ్ల మీదకు దొర్లుతాయి. పైపుల జాయింటు వేయడానికి దిగినవారి మీద గోడ విరిగిపడితే తక్కినవారు వెంటనే లోపలికి దూకడం మానవ సహజమే గాని, రెండో గోడ కూలడం కూడా అప్పుడే జరుగుతుంది. కూరుకున్న మనిషి దగ్గర బకెట్‌తో తవ్వడం అంతకన్నా ప్రమాదం. అగ్నిమాపక సిబ్బందికి కబురు చేసి, మట్టికుప్పను, బండిని అంచు నుంచి దూరం జరిపి, గోడకు ఆనుడు పెట్టిన తరువాత చేతి పారలతోనే మట్టి తీయాలి.

బండికి కూడా అదే నేల ఆధారం. గుంత అంచున పని చేసేటప్పుడు చైన్లు అంచుకు సమాంతరంగా కాక లంబంగా ఉండాలి. అప్పుడు అంచు విరగబోతున్నట్లు అనిపిస్తే బండిని సూటిగా వెనక్కి తీసుకోవచ్చు. సిమెంటు పైపులను గొలుసుతో బకెట్‌కు వేలాడదీసి దింపేటప్పుడు చేయి ఎంత చాపితే బండి మోయగల బరువు అంత తగ్గుతుంది. ముందు వైపు నిలకడగా ఎత్తిన బరువే పక్కకు తిప్పేసరికి బండిని వంచవచ్చు. బండి ఒరిగినప్పుడు దూకి తప్పించుకోవాలన్న తొందర ప్రాణాంతకం. ఒరిగినా క్యాబిన్ నలగకుండా కాపాడే ఇనుప చట్రం ఉన్న బండిలో బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషికే బతికే అవకాశం ఎక్కువ. దూకినవాడు సాధారణంగా క్యాబిన్ కిందే పడతాడు. బెల్టు పెట్టుకునే ఆపరేటర్లు ఎంతమంది కనిపిస్తారన్నది వేరే సంగతి.

కరెంటు తీగల విషయంలో లెక్కలే భయపెడతాయి. మన దేశంలో చిరకాలం అమలైన విద్యుత్ నియమాల ప్రకారం వీధిని అడ్డంగా దాటే 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 6.1 మీటర్ల ఎత్తున ఉండాలి. పొలాల మీదుగా పోయే అదే తీగ 4.6 మీటర్ల ఎత్తున ఉన్నా చాలు. 20 టన్నుల ప్రొక్లెయిన్ చేయి చాపితే బకెట్ పళ్లు 9 మీటర్ల ఎత్తును దాటుతాయి. పొలంలో గట్టు సరిచేస్తూ బకెట్ పైకెత్తితే అది తీగను దాటి పోగలదన్న మాట. తగలకపోయినా, హైవోల్టేజి తీగకు బాగా దగ్గరైతే చాలు, గాలిలోంచే మెరుపు దూకుతుంది. తీగ దగ్గర పని తప్పనప్పుడు విద్యుత్ శాఖ లైన్‌మన్ చేత ఎల్‌సీ తీయించాలి. ఎల్‌సీ అంటే సబ్‌స్టేషనులో ఆ లైనుకు సరఫరా ఆపి, పని ముగిసేదాకా మళ్లీ ఇవ్వకుండా నమోదు చేసే అనుమతి. బూమ్ తీగకు తగిలితే ఆపరేటరు సీట్లోనే ఉండి, వీలైతే బూమ్‌ను పక్కకు తప్పించి, చుట్టూ ఉన్నవారిని దూరం పొమ్మని అరవాలి. బండి నిప్పంటుకుని దిగక తప్పకపోతే ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టకుండా రెండు పాదాలు కలిపి దూకి, పాదాలు ఎడం కాకుండా చిన్న చిన్న గెంతులతో దూరం వెళ్లాలి. నేలలోకి దిగిన కరెంటు బలం బండికి దూరమయ్యే కొద్దీ తగ్గుతుంది గనుక, అంగకూ అంగకూ మధ్య ఆ తేడా వల్లే ఒక కాలి నుంచి ఇంకో కాలికి శరీరం గుండా కరెంటు ప్రవహిస్తుంది.

భూమి లోపలి తీగలు, పైపులు మరో సమస్య. తవ్వే ముందు ఆ చోట ఏ సంస్థ కేబుల్ ఉందో తెలుసుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను 2023 మార్చి 22న ప్రారంభించింది. గ్యాస్ పైపులైను ఉన్నట్లు తేలితే చివరి మట్టిని చేతితోనే తీయాలి.

బండి ఆగి ఉన్నప్పుడు కూడా కొన్ని ప్రమాదాలు పొంచి ఉంటాయి. ప్రొక్లెయిన్ హైడ్రాలిక్ గొట్టాల్లో నూనె చదరపు సెంటీమీటరుకు సుమారు 350 కిలోల దాకా ఒత్తిడితో ఉంటుంది; సన్న రంధ్రం పడిన గొట్టాన్ని వేలితో తడిమి చూస్తే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, ఒక్కోసారి చేయే, తీసివేయవలసి రావచ్చు. కారుతున్న చోటు వెతకాల్సింది అట్టముక్కతో. చైన్ వదులు చేయడానికి గ్రీజు వాల్వు తిప్పేటప్పుడు కూడా దానికి ఎదురుగా ముఖం పెట్టకూడదు. ఎక్కువ తిప్పితే లోపలి ఒత్తిడికి వాల్వే తుపాకీ గుండులా ఎగిరి రావచ్చు.

ఇవన్నీ గనుల్లో కొత్త విషయాలు కావు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల వంటి చోట్ల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షణ, 1966 నాటి నియమాల నుంచీ వస్తున్న తప్పనిసరి శిక్షణ, డంపర్లు దొర్లిపోకుండా రోడ్డు అంచున మట్టికట్టలు వంటి ఏర్పాట్లు ఉన్నాయి. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లో తవ్వకాలకు ప్రత్యేక అధ్యాయమే చేర్చినప్పటికీ, ఆ చట్టం 10 మందికి తగ్గని కార్మికులున్న పనులను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. ఒక జేసీబీ, ఒక ఆపరేటరు, ముగ్గురు కూలీలు ఉన్న పునాది గుంత దాని పరిధిలోకి వచ్చేది కాదు. అలాంటి చోట ఆపరేటరు చాలావరకు హెల్పరుగా చేరి చూసి నేర్చుకున్నవాడు; బండి అద్దె గంట లెక్కన నడుస్తుంది; మీటరు తిరుగుతుంటే లైన్‌మన్ కోసం ఆగడం, షోరింగ్ పలకలు దించడం, హెల్పరును పక్కకు పొమ్మనడం అన్నీ బండి పిలిపించినవారి కంటికి వృథా ఖర్చుగానే కనిపిస్తాయి. కాబట్టి బేరం కుదుర్చుకునేటప్పుడే ఎల్‌సీ కోసం ఆగే సమయానికి అద్దె ఎంత, పలకలు ఎవరు తెస్తారు, సైగలు చేసే మనిషి ఎవరు అన్నది తేల్చుకోవడం అవసరం. ఆపమని చెప్పే అధికారం యజమానిది కాక ఆపరేటరుదేనని ఆ బేరంలోనే ఒప్పుకోవాలి. ఎందుకంటే గుంత అంచు వంగడం మొదలైనప్పుడు దాన్ని ముందుగా పసిగట్టేది సీటు కింద నేల కదలికను ఒంటితో తెలుసుకునే అతనే.