మొదటి నెల ఉచితం ఎందుకిస్తారు?



“మొదటి నెల ఉచితం, నచ్చకపోతే మానేయండి” అనే ప్రకటనలు మనకిప్పుడు రోజూ కనిపిస్తున్నాయి. సినిమాలు చూపించేవాళ్ళూ, పాటలు వినిపించేవాళ్ళూ, పొద్దున్నే పాలూ కూరలూ గుమ్మంలో పెట్టి వెళ్ళేవాళ్ళూ, అందరిదీ ఇదే మాట. వీళ్ళకింత ధర్మబుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందా అని మీకూ అనిపించే వుంటుంది. ధర్మం కాదండీ, లెక్క. అదీ మన పాలవాడుక లెక్కకంటే కష్టమైనదేం కాదు.

కొత్త ఇంట్లో వాడుక కుదుర్చుకోవాలంటే పాలవాడు మొదటి నాలుగు రోజులూ చిక్కటి పాలు తెస్తాడు, కొలిచాక కొసరు కూడా పోస్తాడు. మనల్ని రాబట్టుకోవడానికి అతను పెట్టే ఖర్చు అది. దీన్నే వ్యాపారస్థులు కస్టమర్ ఎక్విజిషన్ కాస్ట్ అంటారు. మనం వాడుక మానేసేలోగా మన వల్ల అతనికి మిగిలే మొత్తం లైఫ్ టైమ్ వాల్యూ. మిగిలేది అన్నాను, గమనించండి. మనమిచ్చే డబ్బంతా కాదు, గేదె దాణా ఖర్చు పోగా మిగిలేది.

ఇంట్లో వండి కారియర్లు పంపే ఒకావిడ వుందనుకుందాం. ఇలాంటి పని మన ఆడవాళ్ళు చాలామంది చేస్తున్నారు కనుక కాస్త నిదానంగా చూద్దాం. కారియరుకు నెలకు 3,000 రూపాయలు. బియ్యం, కూరలు, గ్యాసు, మోసుకెళ్ళే కుర్రవాడి జీతం పోగా ఆవిడకు మిగిలేది 600. కొత్తవాళ్ళ కోసం 4,000 పెట్టి కరపత్రాలు వేయించి పేపర్లలో పెట్టించింది. రుచి చూడమని 25 మందికి మూడేసి రోజులు ఉచితంగా భోజనం పంపింది. భోజనానికి 80 చొప్పున అదొక 6,000. వెరసి 10,000. చివరికి చేరినవాళ్ళు 10 మంది. అంటే ఒక్కొక్కరికీ 1,000 రూపాయలు పడ్డట్టు. తినేసి వెళ్ళిపోయిన ఆ 15 మంది ఖర్చు ఎవరి మీద వేస్తారు? చేరిన ఈ 10 మంది మీదే వెయ్యాలి. చాలామంది వదిలేసేది ఇదే. చేరినవాళ్ళు తిన్నది మాత్రం లెక్కేసుకుని, ఫరవాలేదు చౌకే అనుకుంటారు.

ఒక మనిషి ఒక్క నెల తిని మానేస్తే ఆవిడకు 400 నష్టం. రెండో నెలలోగాని పెట్టుబడి తిరిగి రాదు. మరి సగటున ఎన్నాళ్ళుంటారు? దానికో సులువైన కొలత వుంది. నెలనెలా 10 మందిలో ఇద్దరు మానేస్తుంటే, పదిని రెండుతో భాగించండి, 5 నెలలు. ఐదు ఆరువందలు 3,000. వెయ్యి పెడితే మూడు వేలు వస్తోంది. ఒకటికి మూడు వుంటే బండి నడుస్తుందని వ్యాపారంలో ఒక మోటు లెక్క. అదే 10 మందిలో ఒక్కరే మానేసేటట్టు చూసుకుంటే 10 నెలలు, 6,000. కొత్తగా ఒక్క కరపత్రం పంచకుండానే రాబడి రెట్టింపయింది! అందుకే పప్పు పలచబడకుండా చూసుకోవడం కరపత్రాలకంటే లాభం అంటాను నేను. అలాగే కుటుంబంతో స్థిరపడిన వాళ్ళ వాడుకా, పరీక్షలు కాగానే ఊరెళ్ళిపోయే విద్యార్థి వాడుకా ఒకటి కావు. సగటు కట్టేటప్పుడు విడివిడిగా కట్టుకోవడం మేలు.

ఈ లెక్క పెద్దపెద్దవాళ్ళకీ తప్పలేదు. అమెరికాలో బ్లూ ఏప్రన్ అని ఒక కంపెనీ 2012లో మొదలైంది. కొలిచిన కూరలు, మాంసం, దినుసులు, ఎలా వండాలో రాసిన కార్డు, అన్నీ ఒక పెట్టెలో పెట్టి ఇంటికి పంపేది. ఉప్పూ కారం ఎంత వెయ్యాలో కాగితం చూసి వండుకోవడమేమిటో అని మనం నవ్వుకోవచ్చుగాని, ఒక దశలో 10 లక్షల మందికి పైగా కొన్నారు. 2016లో రాబడి సుమారు 79.5 కోట్ల డాలర్లు. అందులో ప్రచారానికీ, కొత్తవాళ్ళను రాబట్టడానికీ పోసింది 14.4 కోట్లు. ఆ యేడు దాదాపు 5.5 కోట్ల నష్టం. 2017 జూన్‌లో షేరు 10 డాలర్లకు అమ్మినప్పుడు కంపెనీ విలువ సుమారు 190 కోట్ల డాలర్లు. ఆ యేడే ప్రచారం తగ్గించారు, యేడాది చివరకు కొనేవాళ్ళు ఏడున్నర లక్షలకు దిగారు. తక్కువ ధరకు మొదటి పెట్టెలు తెప్పించుకున్నవాళ్ళలో చాలామంది నిలవలేదు. పిండి జారిపోతున్న జల్లెడలో పైనుంచి ఎంత పోస్తే మాత్రం ఏం నిండుతుంది? 2023లో దాన్ని ఇంకో కంపెనీ సుమారు 10.3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

నిలబడ్డవాళ్ళ సంగతీ చూడండి. అమెజాన్ ప్రైమ్ 2016 జూలైలో మన దేశంలో మొదలైనప్పుడు యేడాదికి 499 రూపాయలు. తర్వాత 999, 2021 డిసెంబరులో 1,499. మొదట తగ్గించిన ఆ 500, పాలవాడి కొసరులాంటిదే. అలవాటు పడ్డాక ధర పెరిగినా మానం అని వాళ్ళ నమ్మకం. మానేస్తాం అనగానే కొన్ని కంపెనీలు “పోనీ సగం ధరకు వుండండి” అంటాయి. కొత్తవాళ్ళను తెచ్చుకునే ఖర్చుకంటే అది తక్కువ మరి. కనక అడిగి చూడ్డంలో తప్పులేదు.

కార్డు నంబరు ఇచ్చి మరచిపోయినవాళ్ళే ఈ లెక్కలో అందరికంటే లాభసాటి వాడుకదారులు. చూడరు, వినరు, డబ్బు మాత్రం పోతూనే వుంటుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి వచ్చింది. ఇలా కార్డు నుంచి దానంతటదే డబ్బు తీసుకునే ముందు బ్యాంకు కనీసం 24 గంటల ముందుగా మనకు కబురు పంపాలి. ఆ కబురు మావారి ఫోనుకు వస్తుందిలే అని వదిలెయ్యకండి, ఎవరి ఫోనుకు వస్తోందో కనుక్కోండి. చేరడం ఒక్క నొక్కులో, మానడం పది నొక్కుల్లో పెట్టడాన్ని “సబ్‌స్క్రిప్షన్ ట్రాప్” అంటూ 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు తప్పుబట్టాయి. అలాంటిది మీకు ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.