కబురుతో పాటు వచ్చే అంకెలు

"ఇంటర్నెట్ మొత్తానికి మ్యాప్ ఎవరి దగ్గరుంటుంది సార్?" అని నెట్‌వర్క్స్ క్లాసులో మూడో బెంచీ అమ్మాయి అడిగింది. ఎవరి దగ్గరా లేదమ్మా అన్నాను. క్లాసంతా నమ్మలేనట్టు చూసింది. మర్నాడు ప్రొజెక్టర్ పెట్టి, ఇంటర్నెట్ దారులను చూపించే, నాకెంతో ఇష్టమైన కొన్ని పరికరాలను తెరిచాను.

ఇంటర్నెట్ అంటే వేల సొంత నెట్‌వర్కులు. ఒక్కోదానికి ఒక ఏఎస్ నంబరు ఉంటుంది. బీఎస్ఎన్ఎల్‌ది 9829, ఎయిర్‌టెల్‌ది 9498. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష బీజీపీ. 1989లో అమెరికాలోని ఆస్టిన్‌లో కర్క్ లాహీడ్, యాకొవ్ రెక్టర్ భోజనాల దగ్గర కూర్చుని నాప్కిన్ల మీద గీసుకున్న ఆలోచన అది. అందులో చెప్పుకునే మాట చిన్నదే: "ఫలానా చిరునామాలకు నా మీదుగా వెళ్లొచ్చు." విన్న నెట్‌వర్కు ఆ మాటను పక్కవాళ్లకు చెప్పేటప్పుడు తన నంబరును ముందు తగిలిస్తుంది. వాళ్లూ అంతే చేస్తారు. ఆ కబురు భూగోళం అవతలికి చేరేసరికి నంబర్ల వరుస ఒకటి తయారై ఉంటుంది. చిట్టచివరి నంబరే కబురు పుట్టిన చోటు. డేటా మాత్రం ఆ వరుసను పట్టుకుని వెనక్కి నడుస్తుంది.

నంబర్లు తగిలించడం ఎందుకంటే, కబురు తిరిగి తిరిగి చెప్పిన నెట్‌వర్కు దగ్గరకే రావచ్చు. వరుసలో తన నంబరు కనిపిస్తే రూటర్ దాన్ని పక్కన పడేస్తుంది. అలా డేటా గిరగిరా తిరగకుండా ఉంటుంది. ఇందుకోసం పెట్టిన ఆ వరుసే మనకు వరమైంది. దారి తాను నడిచొచ్చిన కథను తానే మోసుకొస్తుంది కాబట్టి, ఒక మూల కూర్చుని వింటే చాలు, ఎవరు ఎవరితో కలిసి ఉన్నారో చాలావరకు తెలిసిపోతుంది.

అలా వినడానికే పుట్టింది ఆరెగాన్ విశ్వవిద్యాలయం వారి రూట్‌వ్యూస్. తమ దారులు బయటివాళ్లకు ఎలా కనిపిస్తున్నాయో నెట్‌వర్కులు నడిపేవాళ్లు చూసుకోవాలని 1990లలో మొదలైంది. దాని రూటర్లు ఎవరి డేటానూ మోయవు. పొరుగువాళ్లు చెప్పిందల్లా విని, రాసిపెట్టుకుంటాయి, అంతే. యూరప్‌లో రైప్ ఎన్‌సీసీ సంస్థ 1999లో ఆర్ఐఎస్ పేరుతో ఇదే పని మొదలుపెట్టింది. ఆ రాతలను బొమ్మలుగా ఆడించే బీజీప్లే రోమ్‌లోని రోమా ట్రె విశ్వవిద్యాలయంలో తయారైంది. నెట్‌వర్కులు చుక్కలు, దారులు రంగు గీతలు. కాలాన్ని కదిలిస్తే గీతలు ఒక చుక్కను వదిలి ఇంకో చుక్కకు మారతాయి.

అందులో నేను ఎన్నోసార్లు చూసినది 2008 ఫిబ్రవరి 24 రాత్రి కథ. మన గడియారంలో అప్పటికి అర్ధరాత్రి దాటి 17 నిమిషాలు. యూట్యూబ్ 208.65.152.0/22 అని 1,024 చిరునామాలను ఒకే కట్టగా చాటుకుంటోంది. తమ దేశంలో దాన్ని ఆపడానికి పాకిస్తాన్ టెలికాం అందులోంచి 256 చిరునామాలను, 208.65.153.0/24ను, తనవని చాటింది. ఆ మాట దేశం దాటకూడదు. కానీ పాకిస్తాన్ టెలికాంకు పైనుండి ఇంటర్నెట్ అందించే పీసీసీడబ్ల్యూ సంస్థ దాన్ని ప్రపంచానికి అందించింది. రూటర్ల నియమం ప్రకారం కట్ట ఎంత చిన్నదైతే మాటకు అంత బలం. వీధి పేరు చెప్పినవాడికంటే ఇంటి నంబరు చెప్పినవాణ్ణే పోస్టుమాన్ నమ్మినట్టు. వరుసల చివర యూట్యూబ్ నంబరు 36561 పోయి పాకిస్తాన్ టెలికాం నంబరు 17557 వచ్చింది. గీతలు అటు ఒరిగాయి.

80 నిమిషాలకు యూట్యూబ్ తానూ అదే /24ను చాటింది. బలం సమానం కావడంతో కొన్ని గీతలే వెనక్కి వచ్చాయి. ఇంకో 11 నిమిషాలకు దాన్ని 128 చొప్పున రెండు ముక్కలు చేసి చాటింది. ఈసారి చిన్న కట్ట యూట్యూబ్‌ది. రెండున్నర ప్రాంతంలో పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు దారిని వెనక్కి తీసుకుంది. ఈ పోరంతా ఇప్పటికీ నిమిషం నిమిషం కళ్లారా చూడొచ్చు. ఏ పురాణ యుద్ధమూ నన్నింతగా కట్టిపడేయలేదు.

తర్వాత 2011లో ఈజిప్టు దారులు మాయమవడం, 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కనబడకుండా పోవడం కూడా ఈ రాతల్లో కనిపించాయి. కానీ ఈ చెవులకు అన్నీ వినిపించవు. ప్రతి రూటరూ తనకు నచ్చిన ఒక్క దారినే పక్కవాడికి చెబుతుంది. హైదరాబాద్‌లో రెండు చిన్న కంపెనీలు నేరుగా తీగ కలుపుకుంటే ఆరెగాన్‌దాకా ఆ ముచ్చట రాదు.

చివరగా ఈ కబుర్లను అప్పటికప్పుడు చూపే ఆర్ఐఎస్ లైవ్ తెరిచాను. తమ చెవులు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి రైప్ వాళ్లు కొన్ని చిరునామాలను రెండేసి గంటలకు ఒకసారి చాటి, ఒకసారి వెనక్కి తీసుకుంటారు. మన ఉదయం 11:30కి అవి పోవాలి. సమయమైంది. అవి ఠక్కున పోలేదు. ఒక పొరుగు "దారి పోయింది" అంటే రూటర్ ఇంకో పొరుగు చెప్పిన పాత దారిని పట్టుకుంది. అదీ పోయాక మరో పొడుగు దారి. తెర మీద నాలుగు నంబర్ల వరుసలు ఆరయ్యాయి, ఎనిమిదయ్యాయి. లేని ఊరికి దారులు వెతుక్కుంటూ వెతుక్కుంటూ, కాసేపటికి తెర నిశ్శబ్దమైంది.

"మళ్లీ ఎప్పుడొస్తాయి సార్?" అంది ఆ అమ్మాయి.

"ఒకటిన్నరకి."

ఒకటిన్నరకి టిఫిన్ బాక్సులు పట్టుకుని ఏడుగురు ల్యాబ్‌కి వచ్చి కూర్చున్నారు.