ఆదివారం లేని ఆరాధన
కరోనా కాలంలో సరిహద్దు పల్లె సంఘాలకు తాళం పడింది చర్చి తలుపుకే కాదు... వారానికే!

అణైకట్, గుడియాత్తం: పల్లెలో చర్చి అంటే ఎత్తయిన గోపురం, రంగు అద్దాల కిటికీలు ఊహించుకుంటే పొరపాటే. రేకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, నేల మీద పరుచుకునే చాపలు. ఓ డోలక్కు, రెండు జతల తాళాలు. మాట వరసకు పదిహేను కుటుంబాల సంఘం అనుకోండి. వచ్చేవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు, అగ్గిపెట్టెల పనికి పోయేవాళ్లు, మగ్గాల మీద లుంగీలు నేసేవాళ్లు, పొలం కూలీలు. ఆరు రోజులు పని, ఏడో రోజు ప్రార్థన. వాళ్లకున్నది ఆ ఒక్క పూటే. కరోనా సరిగ్గా ఆ పూటనే పట్టుకుంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజు ఆదివారం. మూడు రోజులకే దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 5న మట్టలాదివారం, 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టరు... అన్నీ మూసిన తలుపుల వెనకే గడిచిపోయాయి. రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ మార్చి 27న వాన తుంపరలో, మనిషి లేని ఖాళీ చౌకులో నిలబడి ప్రార్థన చేస్తే ప్రపంచమంతా టీవీల్లో చూసింది. పల్లె పాస్టరు ముందు కెమెరా లేదు. ఖాళీ చాపలే ఉన్నాయి.

పేదరికమే పాసు

పట్నాల్లోని పెద్ద సంఘాలు యూట్యూబ్‌కు మారిపోయాయి. పల్లెలో అది కుదిరే పనేనా? ఇంట్లో ఒకటే ఫోను ఉంటుంది, దాన్నీ కొడుకు పనికి పట్టుకుపోతాడు. బటన్ ఫోనున్న అవ్వకు యూట్యూబ్ ఏం పనికొస్తుంది? ఇది మన ఊళ్ల ఇబ్బందే అనుకోవద్దు. ఇంటర్నెట్ లేని వృద్ధుల కోసమని ఇంగ్లండ్ చర్చి 2020 ఏప్రిల్‌లో ఒక ఉచిత ఫోన్ నంబరే పెట్టింది. దానికి ఫోన్ చేస్తే పాటలు, ప్రార్థనలు వినిపించేవి. పల్లె సంఘానికి దిక్కయింది కూడా మామూలు ఫోను కాలే. లేదంటే ఎవరింట్లో వాళ్లు, ఆరాధన వేళకు కూర్చుని చేసుకునే కుటుంబ ప్రార్థన.

జూలైలో ఓ సడలింపు వచ్చింది. గ్రామాల్లో ఏడాదికి 10 వేల రూపాయల లోపు ఆదాయమున్న చిన్న గుళ్లు, మసీదులు, చర్చిలు తెరుచుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం చెప్పింది. లెక్క వేసి చూడండి. వారానికి రెండొందలు కూడా రాని కానుక సంచి! ఎన్నడూ దేనికీ అక్కరకు రాని పేదరికం ఆ ఒక్కసారి పాసులా పనికొచ్చింది.

అయితే అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ జూలైలో నాలుగు ఆదివారాలు, ఆగస్టులో ఐదు ఆదివారాలు రాష్ట్రమంతటా పూర్తి లాక్‌డౌన్. తలుపు తీయొచ్చు గానీ ఆదివారం తీయకూడదన్నమాట! గుడికి ఏ రోజు వెళ్లినా గుడే. చర్చికి అలా కాదు, సంఘం కూడేది ఆదివారమే. సోమవారం కూడమంటే కూలి పోతుంది. జనతా కర్ఫ్యూ నుంచి ఆగస్టు 30 వరకు లెక్కిస్తే 24 ఆదివారాలు. సెప్టెంబర్ 1 నుంచి అన్ని ప్రార్థనా మందిరాలకూ అనుమతి వచ్చాక, సెప్టెంబర్ 6న గానీ మళ్లీ ఆదివారం ఆరాధనకు వీలు కాలేదు.

గోడకు అటు... ఇటు...

అవతలి పక్క కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో కంటైన్‌మెంట్ జోన్లు మినహా జూన్ 8 నుంచే ప్రార్థనా మందిరాలు తెరుచుకున్నాయి. పలమనేరు వైపు తలుపు తీశారు, గుడియాత్తం వైపు తీయలేదు. పెళ్లి సంబంధాలు, చుట్టరికాలు రెండు పక్కలా ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది మింగుడుపడని సంగతి. పోనీ అటు పోయి ప్రార్థన చేసుకొద్దామంటే ఈ-పాస్ కావాలి.

ఆ ఏప్రిల్ ఆఖరి వారంలో వేలూరు జిల్లా యంత్రాంగం ఏకంగా రోడ్డుకు అడ్డంగా గోడలే కట్టించింది. గుడియాత్తం-పలమనేరు దారిలో సైనగుంట దగ్గర ఒకటి, చిత్తూరు నుంచి వచ్చే పొన్నై దారిలో ఇంకొకటి. ఐదడుగుల ఎత్తు. గగ్గోలు పుట్టడంతో వెంటనే కూలగొట్టారు. 1911 దాకా చిత్తూరు కేంద్రంగా ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లాగా ఉన్న ప్రాంతమిది!

పాట వద్దు... చేయి వద్దు

తలుపు తీశాక నిబంధనలు చూస్తే పాత ఆరాధనలో మిగిలింది తక్కువే. కేంద్రం 2020 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు ఇంటిపట్టునే ఉండాలి. పల్లె చర్చిలో ముందు చాపల మీద కూర్చునేది వాళ్లే కదా! బృందంగా పాడకూడదు, కావాలంటే రికార్డు వేసుకోవచ్చు. చదువు రాని అవ్వకు వాక్యం కంఠస్థమైంది కీర్తనల వల్లే. పాట లేని ఆరాధన ఆమెకు ఉప్పు లేని కూడే. ఇక చాప కూడా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా బాధ పెట్టింది చేయి తాకొద్దన్న మాట. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. దాని ప్రభురాత్రి భోజన ఆరాధనా క్రమంలో ఒక ఆచారం ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్నది. పాస్టరు ఇచ్చిన సమాధానాన్ని రెండు చేతుల మధ్య పక్కవారి చేయి పట్టుకుని ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. అలా బల్ల దగ్గర మొదలైంది వెనక వరసలో కూర్చున్న కూలిమనిషి దాకా చేతులు మారుతూ వస్తుంది. అంటూ ముట్టూ పాటించిన ఊళ్లలో దీని విలువ విడమరచి చెప్పాలా? తర్వాత పై దేశాల సంఘాలు కూడా దీన్ని చూసి నేర్చుకున్నాయి. కరోనా కాలంలో ఆ చేతులు విడిపోయి నమస్కారాలయ్యాయి. రోగం రాకుండా అది సరైన పనే, కాదనలేం. కానీ మళ్లీ దూరం జరగడం మాత్రం ఎవరికీ తేలిక కాదు.

చావుల దగ్గర మరీ కష్టం. అంత్యక్రియలకు ఇరవై మందే. చెన్నైలో 2020 ఏప్రిల్‌లో కరోనాతో చనిపోయిన న్యూరోసర్జన్ డాక్టర్ సైమన్ హెర్క్యులస్‌ను పాతిపెట్టబోతే జనం రాళ్లు రువ్వారు. సాటి డాక్టరే అర్ధరాత్రి మట్టి వేయాల్సి వచ్చింది. ఆ వార్త తర్వాత పల్లెల్లో సమాధి తోట గురించి మాట్లాడుకోని క్రైస్తవ ఇల్లు ఉండి ఉండదు.

మళ్లీ మళ్లీ అదే రోజు

ఒక్కసారితో పోలేదు. రెండో అలలో 2021 ఏప్రిల్ 26 నుంచి మందిరాలు మళ్లీ మూతపడి, జూలై 5న తెరుచుకున్నాయి. ఊపిరి పీల్చుకునేలోపే ఆగస్టులో కొత్త ఉత్తర్వు వచ్చింది. శుక్ర, శని, ఆదివారాలు భక్తులకు ప్రవేశం లేదు. రద్దీ రోజులు కాబట్టి మూయాలన్నది ప్రభుత్వం లెక్క. శుక్రవారం మసీదుకు, ఆదివారం చర్చికి మరో రోజు లేదన్నది ఆ లెక్కలో చేరలేదు. వేలాది మంది వచ్చే పెద్ద దేవాలయానికీ, పదిహేను కుటుంబాల రేకుల చర్చికీ ఒకటే కొలత! అక్టోబర్ 14న ఆంక్ష ఎత్తేసేదాకా వారం మధ్యలో, పని ముగిసిన సాయంత్రాల్లో వీలు చూసుకోవాల్సిందే.

2022 జనవరిలో మూడో అల. మళ్లీ అవే మూడు రోజులు మూత. 9, 16, 23 తేదీల ఆదివారాలు పూర్తి లాక్‌డౌన్. జనవరి 28 నుంచి అన్ని రోజులూ తెరవొచ్చన్నారు. రెండు రోజులు తిరగ్గానే 30వ తేదీ, ఆదివారం. చాపలు దులిపి పరిచారు.