దురద తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

దురదతో ఎవరూ చచ్చిపోరు కదా అని మనలో చాలామంది దాన్ని పట్టించుకోరు. కానీ నెలల తరబడి రాత్రిళ్లు నిద్ర లేక, పగలు పనిమీద మనసు నిలవక, నలుగురిలో కూర్చోవడానికి సిగ్గుపడుతూ బతికేవారిని అడిగితే తెలుస్తుంది అది ఎంత బాధో. గోకాలనే కోరిక పుట్టించే అసౌకర్యమే దురద అని జర్మనీ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ 1660లో చెప్పాడు. నేటికీ వైద్యులు అదే అర్థం చెబుతారు. ఆరు వారాలు దాటినా తగ్గని దురదను దీర్ఘకాలిక దురద అంటారు.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోవాలి. దురద జబ్బు కాదు, జబ్బు ఇచ్చే గుర్తు. జ్వరానికి కారణం వెదికినట్టే దురదకూ కారణం వెదకాలి. గుర్తును అణిచి కారణాన్ని వదిలేస్తే జబ్బు లోలోపల పెరుగుతుంది.

దురద ఎలా పుడుతుంది?

చర్మంలో వెంట్రుక కంటే సన్నని నరాలు ఉంటాయి. చర్మానికి వాపు వచ్చినా, పొడిబారినా, పురుగు కుట్టినా కొన్ని రసాయనాలు విడుదలై ఈ నరాలను రేపుతాయి. వాటిలో ఒకటి హిస్టమిన్. దద్దుర్లు లేచినప్పుడు వచ్చే దురద ఎక్కువగా దీనివల్లే. అందుకే సెట్రిజిన్ వంటి బిళ్లలు దద్దుర్లకు బాగా పనిచేస్తాయి. గజ్జి, తామర, ఎగ్జిమా దురదల్లో ఇతర రసాయనాల పాత్ర ఎక్కువ. కాబట్టి ఒక్క బిళ్లతో అవి పోవు.

గోకినప్పుడు కాసేపు హాయిగా ఉంటుంది. కానీ గోకడం వల్ల చర్మం చిట్లి, వాపు పెరిగి, దురద రెట్టింపవుతుంది. మళ్లీ గోకుతాం. ఏళ్ల తరబడి గోకితే ఆ చోట చర్మం మందంగా, నల్లగా మారుతుంది. గోళ్ల మురికి చేరి చీము పడుతుంది.

మన ప్రాంతంలో చూడవలసిన కారణాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చాలామందికి బతుకుతెరువు సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలం, రైస్ మిల్లు, సిమెంటు పని. చర్మానికి వచ్చే కష్టం కూడా తరచుగా అక్కడినుంచే వస్తుంది. నాట్ల కాలంలో రోజంతా బురదలో నిలబడితే వేళ్ల సందులు నాని చిట్లుతాయి. అక్కడ బూజు చేరుతుంది. మిల్లుల్లో, కల్లాల్లో ఊక దుమ్ము చెమటకు అంటుకుని చర్మాన్ని రేపుతుంది.

తడి సిమెంటు చేతులను కాలుస్తుంది. అందులోని క్రోమియం కొందరికి జీవితాంతం పోని అలర్జీ తెస్తుంది. మేస్త్రీలకు, కూలీలకు ఇది ఎక్కువ. ఐరోపా దేశాల్లో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు మించకూడదని నియమం పెట్టారు. మనం చేయగలిగింది రబ్బరు చేతితొడుగులు వేసుకోవడం, పని కాగానే కడుక్కోవడం.

ఇక వయ్యారిభామ. 1950ల్లో పూణె దగ్గర కనిపించిన ఈ కలుపు నేడు మన రోడ్ల పక్కన, బీడుల్లో ఎక్కడ చూసినా ఉంది. దీని పొడి గాలిలో తేలివచ్చి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దురద పుట్టిస్తుంది. ఏటా అదే కాలంలో, అదే చోట దురద వస్తుంటే దీన్ని అనుమానించాలి.

గజ్జి: ఒక్కరికి కాదు, ఇంటిల్లిపాదికి వైద్యం

గజ్జికి కారణం కంటికి కనిపించీ కనిపించని పురుగు అని ఇటలీలో బొనొమో 1687లోనే రాశాడు. వేళ్ల సందులు, మణికట్టు, నడుము, గజ్జలు దీని స్థానాలు. రాత్రిపూట దురద ఎక్కువవుతుంది. మొదటిసారి సోకితే దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి దురద లేనివారి ఒంట్లోనూ పురుగు ఉండవచ్చు. ఒక్కరే మందు రాసుకుంటే మళ్లీ అంటుకోవడం ఇందుకే. హాస్టలు నుంచి పిల్లలు గోకుతూ వస్తే ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి.

సాధారణంగా ఇచ్చేది పర్మెత్రిన్ 5 శాతం క్రీము. రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి, పొద్దున కడిగెయ్యాలి. వారం తర్వాత మరోసారి రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. మందు పనిచేయలేదని రోజూ రాసుకోకండి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడిగే వాడాలి.

ఉపశమనమిచ్చే ట్యూబు, మొండికేసే తామర

గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రంగా వ్యాపించే తామర మన దేశంలో కొన్నేళ్లుగా మొండిజబ్బుగా మారింది. దీనికి ఒక ముఖ్య కారణం చీటీ లేకుండా కొనే ట్యూబులు. వాటిలో చాలావాటిలో బూజు మందుతోపాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ రెండు రోజుల్లో దురదను ఆపుతుంది, ఎరుపును తగ్గిస్తుంది. కానీ చర్మం తన్ను తాను కాపాడుకునే శక్తినీ తగ్గిస్తుంది. బూజు హాయిగా పాకుతుంది. మానగానే దురద రెట్టింపుగా వస్తుంది. మనిషి మళ్లీ అదే ట్యూబు కొంటాడు. చివరికి చర్మం పల్చబడి, చారలు పడి, ఇంట్లో అందరికీ తామర అంటుకుంటుంది.

ఇలాంటి బలమైన స్టెరాయిడ్ పూతలు చాలావాటిని డాక్టరు చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మామూలు మందుకు లొంగని తామర బూజును ఒక కొత్త జాతిగా గుర్తించి, 2020లో జపాను పరిశోధకులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

స్టెరాయిడ్ చెడ్డ మందని దీని అర్థం కాదు. ఎగ్జిమాకు, అలర్జీకి సరైన బలంలో, సరైన కాలం వాడితే అది ఎంతో మేలు చేస్తుంది. తామరకు మాత్రం బూజు మందే కావాలి. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. దురద పోయినా డాక్టరు చెప్పినన్ని వారాలు ఆపకూడదు. స్టెరాయిడ్ మానిన కొద్దిరోజులు దురద ఎక్కువగా ఉండవచ్చు. ఆ కొద్దిరోజులు ఓర్చుకుని, పాత ట్యూబు జోలికి పోకుండా ఉంటే సగం గెలిచినట్టే.

చర్మం బాగున్నా దురదపెడితే

ఒంటిమీద ఏమీ కనిపించకుండా దురద పెడుతుంటే అది లోపలి జబ్బుకు గుర్తు కావచ్చు. మూత్రపిండాలు చెడినవారికి, కామెర్లలో పైత్యరసం అడ్డుపడినవారికి, థైరాయిడ్ ఎక్కువైనవారికి, ఇనుము తక్కువైనవారికి దురద వస్తుంది. అరుదుగా రక్త సంబంధమైన కాన్సర్లలో కూడా వస్తుంది. బరువు తగ్గుతూ, జ్వరం, రాత్రి చెమటలు, బిళ్లలు కట్టడం ఉంటే ఆలస్యం చేయరాదు. వృద్ధులకు మాత్రం ఎక్కువగా చర్మం పొడిబారడమే కారణం.

మరో సంగతి. దురద లేని మచ్చను కూడా నిర్లక్ష్యం చేయకండి. పాలిపోయి, స్పర్శ తెలియని మచ్చ కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా పూర్తి వైద్యం ఉంది.

ఇంట్లో పాటించవలసినవి

స్నానం గోరువెచ్చని నీటితో, త్వరగా ముగించండి. ఒంటినిండా సబ్బు రుద్దకండి. ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె లేదా వాజలిన్ రాయండి. గోళ్లు కత్తిరించుకోండి. నూలు బట్టలు కట్టుకోండి. దురద భరించలేనప్పుడు గోకే బదులు చల్లని తడిగుడ్డ అద్దండి. కిరోసిన్, బ్యాటరీ నీళ్లు ఎన్నడూ పూయవద్దు. దురద బిళ్లలు కొన్ని మత్తునిస్తాయి. వేసుకున్నాక బండి, ట్రాక్టరు నడపవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి. ఇంట్లో ఇంకెవరికి దురద ఉందో, మీరు ఏ పని చేస్తారో చెప్పండి. గజ్జల్లో దురదని సిగ్గుపడకండి. డాక్టరుకు అది రోజూ వినే మాటే. మీరు దాచిన ఒక్క సంగతిలోనే మీ దురదకు కారణం ఉండవచ్చు.