వడ్లలో కాడ్మియం: జింకు లోపిస్తే వర్తకానికీ ముప్పే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మార్కెట్లలో వడ్లు కొనే వర్తకులు తేమ చూస్తారు, తాలు చూస్తారు, గింజ నలిపి నూక అంచనా కడతారు. కాడ్మియం మాత్రం కంటికీ చేతికీ చిక్కదు. ప్రయోగశాలలో అది బయటపడే సరికి సరుకు రేవు దాటి వుండవచ్చు. బియ్యంలో కాడ్మియానికి అంతర్జాతీయ కోడెక్స్ పరిమితి కిలోకు 0.4 మిల్లీగ్రాములు కాగా, యూరప్ దేశాలు 2021లో తమ పరిమితిని 0.15కు దించాయి. ఒకచోట చెల్లిన లాటు మరొకచోట చెల్లకపోవచ్చునన్నమాట.

2013 మే నెలలో చైనాలోని గ్వాంగ్‌ఝౌ అధికారులు 18 నమూనాలు పరీక్షించగా 8 పరిమితి మించాయి. హునాన్ బియ్యానికి గిరాకీ పడిపోయింది. జపాన్‌లో జింజు నది పొలాల బియ్యం తిన్నవారి ఎముకలు గుల్లబారిన వ్యాధికి కాడ్మియమే కారణమని 1968లో ప్రభుత్వం అంగీకరించింది. ఆ రెండుచోట్లా మూలం గనులు, లోహ కర్మాగారాలు. జగిత్యాల ప్రాంతంలో అటువంటి గనులు లేవు. ఇక్కడ చూడవలసింది ఎరువుల సంగతి.

జింకు, కాడ్మియం రసాయన గుణాలలో దగ్గరి చుట్టాలు. వరి వేరు జింకును తీసుకునే దారులలోనే కాడ్మియం కూడా చొరబడుతుంది. నేలలో జింకు చాలినంత వుంటే సాధారణంగా కాడ్మియానికి చోటు తగ్గుతుంది. భాస్వరం ఎరువు అతిగా వేస్తే జింకు పైరుకు అందదు. పైగా ఫాస్ఫేట్ శిలలోనే ఎంతో కొంత కాడ్మియం వుంటుంది. ఆకులపై తుప్పు రంగు మచ్చలు, గిడసబారిన పైరు జింకు లోపానికి గుర్తులు. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలని, దానిని భాస్వరం ఎరువుతో కలపరాదని వ్యవసాయ శాస్త్రజ్ఞుల సిఫారసు.

నీటి లెక్క మాత్రం చిక్కైనది. మడిలో నీరు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి నేలలోనే బిగుసుకుంటుంది. గింజ పాలుపోసుకునే వేళ మడి ఆరితే విడివడి పైరుకెక్కుతుంది. ఆర్సెనిక్ దీనికి పూర్తిగా ఎదురు: నిలిచిన నీటిలో కరిగి, సిలికాన్ దారిన వేరులోకి పోతుంది. కాబట్టి కాలువ చివరి పొలాలలో నీరు ముందుగా ఆగితే ఒక చిక్కు, ఎడతెగక నిలిస్తే మరొకటి. మిల్లు పారవేసే ఊక బూడిదలో అధికభాగం సిలికా. అది పొలానికి తిరిగి చేరితే ఆర్సెనిక్‌కు పోటీ పెరుగుతుంది.

పాలిష్‌తో ఆర్సెనిక్ కొంత పోతుంది గాని, పోయినది తవుడులో చేరుతుంది. తవుడు బేరగాళ్లు ఇది గమనించాలి. కాడ్మియం గింజ లోపలిదాకా వ్యాపించి వుంటుంది గనుక పాలిష్ పెద్దగా ఉపయోగపడదు. ఎగుమతికి కొనేవారు లాటు ఏ ఊరి పొలాలదో చిట్టాలో విడిగా రాసుకుంటే, పరీక్షలో తేడా వచ్చిన పక్షంలో ఆ సరుకు ఒక్కటే పక్కకు తీయవచ్చు.