పళ్లెం తిప్పి చూడండి!



మన హాస్టల్లో అందరివీ స్టీలు పళ్లాలే. ఎవరిది ఏదో తెలియడానికి వెనక మేకుతో పేరు గీసుకునేవాళ్లం. భోజనం గంట కొట్టగానే పళ్లెం తిప్పి పేరు చూసుకోవడం మనకు ఇక్కడే అలవాటైంది. ఆ అలవాటే మొన్న హైటెక్ సిటీ పక్కన మా ఇద్దరి పరువు కాపాడింది. ఆ సంగతి చెబుతూ ఒక కొత్త విషయం పరిచయం చేయాలని ఈ వ్యాసం.

పీజీలో చరిత్ర చదువుతూ ఖర్చుల కోసం మేమిద్దరం కొండాపూర్‌లో ఒక ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాం. ఆ ఇంటి సారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కంపెనీ పని మీద మెక్సికో వెళ్లి ఒక పెద్ద పళ్లెం తెచ్చారు. తెల్లటి నేల మీద నీలి పూలు. "మూడొందల ఏళ్ల నాటిదట మాస్టారూ, మీది హిస్టరీ కదా, చూడండి" అన్నారు. మా ఇళ్లలో డిగ్రీ మెట్టు ఎక్కినవాళ్లలో మేమే మొదటివాళ్లం. అంత నమ్మకంగా అడిగితే "తెలియదు" అనడానికి నామోషీ అనిపించింది. "పాతదే సార్" అనేశాం. వారం తిరక్కముందే, మా మాట పట్టుకుని ఆయన దాన్ని యాభై వేలకు స్నేహితుడికి అమ్మబోతున్నారని తెలిసింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మర్నాడే లైబ్రరీలో కూర్చున్నాం. అక్కడ తెలుసుకున్నది ఇది.

ఇది పింగాణీ కాదు

చూడటానికి పింగాణీలా ఉన్నా ఇది మన కుండలాంటి మట్టి పాత్రే. మట్టి పాత్రను ఒకసారి కాల్చి, సీసం, తగరం భస్మం, ఇసుక కలిపిన నీళ్లలో ముంచుతారు. తగరం వల్ల ఆ పూత పాలలా తెల్లగా మారి కింది మట్టి రంగును కప్పేస్తుంది. ఆరిన పూత మీద రంగులతో బొమ్మలు వేసి రెండోసారి కాలుస్తారు. పచ్చి పూత రంగును వెంటనే పీల్చుకుంటుంది. గీత తప్పితే చెరిపి దిద్దడం కష్టం.

చైనా తెల్ల పింగాణీని చూసి, అలాంటి మట్టి దొరకక, 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు ఈ ఉపాయం కనిపెట్టారు. ముస్లిం కుమ్మరులతో అది స్పెయిన్ చేరింది. మలగా, మనిసెస్ ఊళ్లలో బంగారంలా మెరిసే పాత్రలు చేశారు. ఆ మెరుపు వెండి, రాగి లవణాలు పూసి మూడోసారి కాల్చడం వల్ల వస్తుంది, అందులో బంగారం ఉండదు. 16వ శతాబ్దంలో తలవేరా పట్టణం పేరు పొందింది. స్పెయిన్ వాళ్లతో ఈ పని మెక్సికోలోని ప్వెబ్లా నగరానికి వెళ్లింది. అక్కడి కుమ్మరుల సంఘం 1653లో నాణ్యతకు నియమాలు రాసుకుంది. 1565 నుంచి 1815 వరకు మనీలా నుంచి మెక్సికోకు నడిచిన ఓడల్లో చైనా పింగాణీ వచ్చేది. అందుకే ప్వెబ్లా పళ్లాల మీద చైనా పూలు, పక్షులు కనిపిస్తాయి. ఈ రెండు దేశాల తలవేరా పనితనాన్ని 2019లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

గుర్తు పట్టడం ఎలా?

1. అంచు పెచ్చు ఊడిన చోట చూడండి. తెల్లటి పొర కింద ఎరుపు, గులాబి లేదా గోధుమ రంగు మట్టి కనిపిస్తే ఇది తగరపు పూత పాత్ర. పింగాణీ అయితే లోపలా తెలుపే.

2. అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టు వేలితో మెల్లగా కొట్టండి. పింగాణీ గంటలా మోగుతుంది. మట్టి పాత్ర మొద్దుగా పలుకుతుంది.

3. బట్టీలో పళ్లాలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో మూడు కాళ్ల మట్టి ముక్క పెట్టేవారు. దాని గుర్తుగా చాలా పాత పళ్లాల మీద మూడు చిన్న మచ్చలుంటాయి.

4. కళ్లు మూసుకుని వేలితో తడమండి. పాత ప్వెబ్లా పాత్రల్లో నీలిరంగు తరచు కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. భూతద్దంలో సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తే అది అచ్చు, చేతి పని కాదు.

5. వాడకం వల్ల వచ్చే అరుగుదల అడుగు అంచున ఎక్కువగా, మిగతా చోట్ల తక్కువగా ఉంటుంది. అంతటా ఒకేలా ఉన్న మురికిని అనుమానించండి.

6. వెనక ముద్ర చూడండి. అమెరికా 1890లో చేసిన చట్టంతో దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది. దేశం పేరు ముద్ర ఉంటే సాధారణంగా ఆ తర్వాతిదే.

వీటిలో ఏ ఒక్కటీ చాలదు. నాలుగైదు ఒకే మాట చెబితేనే నమ్మాలి. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్లు ఉండాలి. ఇంకో హెచ్చరిక: పాత పూతలో సీసం ఉంటుంది. అందులో పులుసు, పచ్చడి పెట్టుకు తినకండి.

కన్ను తయారుచేసుకోవడానికి మెక్సికో వెళ్లనక్కర్లేదు. పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషూర్ఖానాకు వెళ్లండి. గోడల మీద 1611 నాటి రంగు పూత పలకలున్నాయి. 1908 మూసీ వరదల్లో కొన్ని దెబ్బతింటే ఆ చోట అదే నమూనాను రంగులతో చిత్రించారు. ఏది పలకో, ఏది రంగో పక్కపక్కనే పోల్చుకోవచ్చు. ప్రార్థనా స్థలం కనుక తాకకుండా, మర్యాదగా చూడాలి.

చివరికి ఏమైంది?

మళ్లీ కొండాపూర్ వెళ్లాం. "మేము తెలియకుండా చెప్పాం సార్, ఒకసారి తిప్పి చూద్దాం" అన్నాం. మూడు మచ్చలు లేవు. నీలిరంగు నున్నగా ఉంది. అడుగున అంటించిన మురికిని తడిగుడ్డతో తుడిస్తే "హెచో ఎన్ మెహికో" అన్న అక్షరాలు బయటపడ్డాయి. మెక్సికోలో తయారైంది అని అర్థం. మూడొందల ఏళ్ల కిందట మెక్సికో అనే దేశమే లేదు. స్వాతంత్ర్యం వచ్చింది 1821లో.

సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత స్నేహితుడికి ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పారు. మా ట్యూషన్ పోలేదు. పళ్లెం ఇప్పుడు ఆయన హాల్లో గోడ మీద ఉంది, అందంగానే ఉంది.

తమ్ముళ్లూ, పెద్ద ఇళ్లలో, పెద్ద ఆఫీసుల్లో మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. తెలియకపోతే "చూసి చెబుతాను సార్" అనండి. అందులో నామోషీ లేదు. ఆ తర్వాత నిజంగానే చూసి చెప్పండి.