కాన్పుకు ముందు తుంటి నొప్పి

కడుపుతో ఉన్న పిల్ల నడుం నొప్పి అంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "కాన్పయితే అదే పోతుందిలే" అంటారు. చాలామందికి పోయేమాట నిజమే. కానీ అంతవరకూ గడవాలి కదా! ఏడో నెలలో పురిటికని బరంపురం వచ్చిన మా అమ్మాయి రాత్రిళ్ళు పక్కమీద ఒత్తిగిలలేక ఏడ్చేది. మెట్లెక్కితే నొప్పి, ఒంటికాలి మీద నిలబడి సల్వారు తొడుక్కుంటే నొప్పి. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, వైద్యం నా శాఖ కాదు. డాక్టరమ్మగారూ, ఫిజియోథెరపిస్టూ ఓపికగా చెప్పినవే రాస్తున్నాను.

తుంటి ఎముకలు గుండ్రటి కట్టులా ఉంటాయి. ముందు ఒక కీలు, వెనక రెండు. గర్భం వచ్చాక హార్మోన్ల వల్ల వీటి బంధనాలు కాస్త వదులవుతాయి. మోసే బరువూ పెరుగుతుంది, నడక తీరూ మారుతుంది. కీళ్ళు సమంగా కదలక నొప్పి పుడుతుంది. గర్భిణుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుందట. దీనివల్ల బిడ్డకు హాని లేదు, మామూలు కాన్పుకు సాధారణంగా అడ్డూ కాదు. ఆ ఒక్క మాటతో మా అమ్మాయికి సగం దిగులు తీరింది.

ఒత్తిగిలేటప్పుడు మోకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని ఒళ్ళంతా ఒక్కసారిగా తిరగాలి. పక్కకు పడుకుని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. బట్టలు కూర్చునే తొడుక్కోవాలి. మెట్లు ఒక్కొక్కటిగా, నొప్పి తక్కువున్న కాలు ముందు వేసి ఎక్కాలి. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం నొప్పి పెంచితే మానాలి. మా వదినగారు "గొంతుక్కూర్చుని ఇల్లు తుడిస్తే కాన్పు సులువు" అనేవారు. ఈ నొప్పి ఉన్నవాళ్ళకు ఆ సలహా పనికిరాదు. చంకన బిందె గానీ, పెద్దపిల్లాణ్ణి గానీ ఎత్తుకోవద్దు. ఒకవైపు బరువు చేటు.

తుంటి చుట్టూ కట్టే బెల్టు, నేర్పించిన వ్యాయామాలు మా అమ్మాయికి బాగా పనిచేశాయి. అలాగని మంచం పట్టకూడదట, నొప్పి రానంత మేర తిరుగుతూ ఉండాలి. మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి కొనవద్దు. ఐబుప్రోఫెన్ వంటివి 20 వారాలు దాటాక బిడ్డకు చెరుపు చేయవచ్చు.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, మూత్రంలో మంట, బిడ్డ కదలిక తగ్గడం, ఒక వరసలో వచ్చిపోయే నొప్పులు, వీటిలో ఏది కనిపించినా తుంటి నొప్పేలే అనుకోకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఉద్యోగం చేసే పిల్లలకు 2017 చట్ట సవరణతో ఇద్దరు బిడ్డల దాకా 26 వారాల సెలవు వచ్చింది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అంతా తర్వాతకని దాచుకోవడం మా కౌంటర్లలో చూస్తుంటాను. నొప్పి ఉన్నప్పుడు కొంత ముందే వాడుకోవడం నయమని నా లెక్క. కాన్పయ్యాక కూడా కొద్దిమందికి నొప్పి నెలల తరబడి నిలుస్తుంది. అప్పుడు మళ్ళీ చూపించుకోవాలి.